తోక లోపలికి

డబ్బా మూత తీసినాను.
బిస్కత్తు నేదు, పొడుంది.
పదకొండు నెల్లకి ఇంటికొచ్చిన మనిషి
సంచిలోంచి ముందు తీసినది అదే.
సబ్బుబిళ్ళ కాదు, సెంటుసీసా కాదు,
జీతమైతే అసలే కాదు.
"ఒకటి దాసినాను, నీకని" అన్నాడు లోకనాథం,
బారువ ఇసకలో సెప్పులిప్పి,
గెడ్డం ఒకేపే తెల్లబడిపోయి.

ఏలు తడిపి అద్దినాను.
పులుపు. నెయ్యి కాదు, నెయ్యిలాటిదేదో.
పొడి మద్దిన ఒక లవంగం,
అదొక్కటీ ఇరగనేదు.

ఓనరు ఫోనెత్తడం మానీసినప్పటికి
ఓడ నడిసముద్రంలో కూడా నేదట,
రేవులో దీపాలు కనపడతన్నాయట.
దిగడానికి కాయితాల్లేవు.
డీజిలయిపోనాది, ఫ్రిజ్జు ఆగిపోనాది,
వానొస్తే బకెట్లెట్టుకున్నారట.
వంటోడు వార్సితో, జావా మనిషి,
ఆడి ఇంగ్లీషంతా రెండు మాటలు:
రైస్. నో రైస్.
ఒకనాడు స్టోరు అడుగున రేకుడబ్బా దొరికితే
ఎత్తి సూపించి, "నానస్" అన్నాడట.
మా వోడు నిలబడిపోనాడు.
"అనాస?"
"నానస్."
"అనాస!"
ఆ ఒక్కమాటే అటూ ఇటూ ఇసురుకుంటా
పిచ్చోళ్ళనాగ నవ్వినారట,
మిగిలినోళ్ళు నిద్దర్లేచొచ్చి తిట్టీదాకా.

మర్నాడు ఆళ్ళకి రంజాన్ పండగ.
ఇంటికాడైతే ఆళ్ళమ్మ బల్లనిండా డబ్బాలు పేర్చి
వొచ్చినోడికల్లా మూత తీసీదట.
నాస్తార్ అంటారంట.
గోళీకాయంత, లోపల అనాస పాకం,
పైన గుడ్డుసొన మెరుపు, నెత్తిమీద లవంగం.
మనిషికి రెండు పంచినాడు.
మా వోడు ఒకటే తిన్నాడు.

నానూరుకుంటానా?
సోమారం సీతంపేట సంతకెల్లినాను, మూడు బస్సులు మారి.
సవర సుక్కమ్మ పళ్ళు కుప్పేసి కూకుంది,
ముళ్ళు గీరిన సేతుల్తోటి.
"బిస్కత్తుకి" అన్నాను.
"అలగే తినకండా?" అని ఎగాదిగా సూసి
ఒకటి కొసరేసింది,
జాలికో ఏటో.

బెల్లమేస్తే పాకం నల్లబడిపోనాది,
పంచదారతో మళ్ళీ.
పొయ్యి మీద దాక, దాకలో సముద్రం ఇసక,
ఇసక మీద పళ్ళెం, మూతమీద రాయి.
మొదటి వాయి మాడిపోనాది,
మా అత్త మేక్కేస్తే మేక మొకం తిప్పీసింది.
రెండో వాయి పగిలిపోనాది.
మూడోది పచ్చగా, గుండ్రంగా వొచ్చింది,
మా సందు సందంతా వాసన.

మా వోడు నమిలినాడు. గోడేపు సూసినాడు.
"బాగుంది. అదైతే కాదు."
ఏటి తక్కువయిందో సెప్పమన్నాను.
సేనాసేపు సెప్పనేదు. అప్పుడన్నాడు:
"ఆ పిండిలో పురుగుండీది.
వెన్న నేదు, బూజు గీకిన డాల్డా.
పొయ్యిలోకి కుర్చీలిరిసినాం,
ఆటి రంగు కాలిన కంపు..."
మద్దిలో ఆపీసి పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు.
పద్నాలుగు తినీసినాడు.
నాను లెక్కెట్టినాను.

ఈ యేడు రంజాన్‌కి ముప్పైరెండు సేసినాను,
టైలరు మస్తాన్ గారింటికని.
రాత్రి పోటో తీసి వార్సితోకి పంపినాం.
ఇప్పుడింకో ఓడ మీదున్నాడు,
నెల నెలా జీతమొస్తందట.
టిక్కులు నీలమవడానికి తెల్లారిపోనాది.
ఫోన్లోంచి గాలి హోరు, ఆ హోరులో ఒకటే నవ్వు.
ఇని మా వోడూ నవ్వు.
"ఏటంటన్నాడు?"
"లవంగాలు తలకిందులంట.
తోక లోపలికి గుచ్చాలంట, పువ్వు పైకుండాలంట."

మరి ముందే సెప్పొచ్చు కదా.
కూకోని ఒక్కొక్కటే పీకి,
తిప్పి గుచ్చుతన్నాను.
మస్తాన్ గారి కుర్రోడు గుమ్మంలో గిన్నెట్టుకోని
కొత్త లాల్చీ ముడతలు దులుపుకుంటా,
"పిన్నీ, అయిపోనాదా?" అంటన్నాడు.
"ఉండరా. ఇంకా పంతొమ్మిది."